మోరిస్ చక్రం

పాతకారు కనిపించగానే మనవాళ్ళు మొదట చూసేది దాని రంగు. తర్వాత దీపాలు. ఇంకా ఓపికుంటే, "లీటరుకు ఎన్ని కిలోమీటర్లిస్తుందండీ?" అని ఒక ప్రశ్న. నడిపేవాడు రోజంతా పట్టుకు కూర్చునేది ఈ మూడూ కాదు గదా, స్టీరింగు చక్రం! మనిషి చెయ్యి పడి పడి గడప అరిగినట్టు, రోలు అరిగినట్టు అరిగే వస్తువు బండి మొత్తంమీద అదొక్కటే. డ్రైవరు ఏ చేతివాటం మనిషో, వేలికి ఉంగరం వుండేదో లేదో చక్రం అంచు చూసి చెప్పవచ్చునంటాడు మా విజయనగరంలో ఒక ముసలి మేస్త్రి. అతని మాటల్లో సగం కోతలే గాని, ఈ మాట నిజమనడానికి నేను సాక్షిని.

చక్రం నడుమనున్న బొత్తాం నొక్కితే పలికేది హారను. దీనికెవరూ తెలుగుమాట కల్పించలేదు. కల్పించనక్కర లేకపోయింది. ఇంగ్లీషువాడికి హార్న్ అంటే పశువు కొమ్మూ అవును, ఊదే వాద్యమూ అవును. మనకూ అంతే. జాతరలో ఊదే కొమ్ముబూర ఎరగనివాళ్ళు మా శ్రీకాకుళం, విజయనగరం వైపు వుండరు. రబ్బరు బంతి పిసికితే భోంమనే ఇత్తడి గొట్టానికి జనం తమంతట తామే బూరా అని పేరు పెట్టుకున్నారు. పండితులు ఒక సభ చేసి, ఓ ఉపసంఘం వేసి, ఏ 'హెచ్చరికాశంఖమో' తయారు చేసివుంటే ఆ మాట నిఘంటువులోనే తుప్పుపట్టి వుండేది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక ఈపాటి వెక్కిరింత నాకు చెల్లుతుందనుకుంటాను.

ఇంతకీ నాకూ ఈ చక్రాలకూ సంబంధం ఎల్లా కలిసిందంటే, మా చిన్నమావయ్య వల్ల. మా తాతగారు విజయనగరంలో వకీలు. 1958లో ఒక డాక్టరుగారి దగ్గర సెకండుహాండులో మోరిస్ మైనరు కొన్నారు. 1954 మోడలు. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు రూపొందించగా 1948లో ఇంగ్లండులో వెలువడిన బండి ఇది. పది లక్షలకు మించి తయారైన మొట్టమొదటి ఇంగ్లీషు కారు కూడా ఇదేనంటారు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు కొంతకాలం దీన్నే 'బేబీ హిందుస్థాన్' పేరుతో అమ్మారు. తర్వాత వచ్చిన లాండ్‌మాస్టరూ, 2014 దాకా తయారైన మన అంబాసిడరూ దీని పెద్దన్న మోరిస్ ఆక్స్‌ఫర్డు సంతానమే. తాతగారు పోయాక బండి మావయ్యకు వచ్చింది. డెబ్భయ్యయిదేళ్ళ మనిషి ఆయన. ఇంట్లో ఇంకేది పాతబడినా సహిస్తాడు గాని, ఆ బండి పాతదంటే మాత్రం ఒప్పుకోడు. "పెద్దది" అంటాడు.

మావయ్య కొడుకు అమెరికాలో వుంటాడు. వారానికోసారి ఫోను చేసి, "నాన్నా, అది తుప్పు పట్టకముందే ఎవరికైనా ఇచ్చెయ్యండి" అంటాడు. కుర్రవాడిది తప్పనడానికీ లేదు. తండ్రికి మోకాళ్ళు పట్టేశాయి, తల్లికి చూపు మందగించింది, షెడ్డు కప్పు కారుతోంది. 2022లో వాడే ఎక్కడో వాకబు చేసి హైదరాబాదునుంచి ఒక ఆసామిని పంపాడు. పాతకార్లు కొని పోగుచేసే మనిషి. ఆయన బానెట్టు ఎత్తలేదు, టైర్లు తన్నలేదు. తిన్నగా డ్రైవరు సీట్లో కూచుని, చక్రం మీద గోటితో రెండుసార్లు కొట్టి, "ఇది దీని చక్రం కాదండీ. హారనూ దీనిది కాదు" అన్నాడు. ఆ రెండు మాటలకూ లక్ష రూపాయలు తగ్గించాడు.

మావయ్యకు పౌరుషం వచ్చింది. "లక్ష మాట అటుంచరా. మా నాన్న బండిని పట్టుకుని దొంగసొత్తు పెట్టుకున్నదానిలా చూశాడు చూడు!" అని నా దగ్గర గోలపెట్టాడు. పైగా 2021 జూలైలో కేంద్రప్రభుత్వం వింటేజి వాహనాలకు నిబంధనలు తెచ్చింది. యాభయ్యేళ్ళు దాటి, ఛాసిస్సు, బాడీ, ఇంజను పెద్దగా మార్పుల్లేకుండా అసలురూపంలో నిలిచిన బండ్లకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషను. కొత్తగా నమోదయ్యేవాటికి వి.ఏ. అక్షరాలతో నంబరు, ఇరవై వేల రూపాయల ఫీజు. ఇదివరకే నంబరున్న బండికి పాతనంబరే వుంచుతారు. ఆ కాగితం గోడకు తగిలించుకోవాలని మావయ్యకు కోరిక పుట్టింది. అంచేత అసలు చక్రం, అసలు హారను ఎక్కడున్నా పట్టుకు రావాలన్నాడు. నేను అక్షరాలు చదవగలవాణ్ణి గనక వెంట రావాలన్నాడు. మేనమామ మాట ఎవడు తీసెయ్యగలడు?

మొదట మేస్త్రి వచ్చాడు. చక్రం పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు. ముందు టైర్లు కదలకుండానే చక్రం రెండంగుళాలు తిరిగింది.

"ఇది స్టీరింగా బాబూ? ఉయ్యాలబల్ల!" అన్నాడు.

నడుమ బొత్తాం తీసి, నట్టు వదులుచేసి చూస్తే సంగతి బయటపడింది. 1979లో ఏదో ఊళ్ళో ఎవరో మరమ్మతుదారు, మరేదో బండి చక్రం తెచ్చి, దాని బెజ్జం పెద్దదిగా వుంటే లోపల ఇనప బుష్ ఒకటి దూర్చి, చుట్టూ వెల్డింగు చుక్కలు వేసి బిగించేశాడు. నలభైమూడేళ్ళు ఆ నాలుగు చుక్కల మీద మావాళ్ళు అన్నవరం వెళ్ళారు, అరసవల్లి వెళ్ళారు, నన్ను పొత్తిళ్ళలో పెట్టుకుని సింహాచలం వెళ్ళారు. నాలుగింట్లో రెండు చుక్కలు ఏనాడో విడిపోయాయి.

"మరి కదపడానికి లేదు బాబూ. ములుపులో ఇది సేతిలోకొచ్చీసిందంటే మీ సేతిలో సక్రవుంటాది, బండి సెరువులో వుంటాది" అన్నాడు మేస్త్రి. అత్తయ్య అప్పుడే కాఫీలు తెచ్చింది. ఆ మాట విని పళ్ళెం అరుగుమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటిదాకా లక్షరూపాయల బేరంగా వున్నది ఆ క్షణాన ఇంకొకటయింది.

ఇక్కడ చక్రం ఎల్లా కూచుంటుందో చెప్పాలి. స్టీరింగు కడ్డీ పైకొసను నిలువునా సన్నని గాడులు కోసి పళ్ళలా తీరుస్తారు. వీటిని స్ప్లైన్లంటారు, మేస్త్రీలకు పళ్ళే. చక్రం నడిబొడ్డున వున్న బెజ్జంలోనూ సరిగ్గా అవే పళ్ళు, ఎదురు తిప్పి. ఆ రెండూ తాళమూ చెవీ మాదిరి ఒకదాన్నొకటి పట్టుకోవాలి. మీద బిగించే నట్టు చక్రం పైకి జారకుండా కాపాడుతుందే గాని, మనం తిప్పిన తిప్పుడంతా చక్రాలకు చేరేది పళ్ళ ద్వారానే. ఆ పళ్ళ లెక్క ఒక్కటి తేడా వచ్చినా, కడ్డీ మందం వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ చక్రం ఆ బండిది కాదు. కొన్ని బండ్లకు కడ్డీకొస నిటారుగా వుంటుంది, కొన్నిటికి పైకి పోనుపోను సన్నబడుతుంది. ఒకదానికి ఇంకోటి ఎక్కదు. సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఎక్కినట్టే వుంటుంది. అదే అన్నిటికన్న ప్రమాదం.

కనక పాతచక్రాన్ని పోల్చుకునేవాడు ముఖం చూడకూడదు, వీపు చూడాలి. ముందు తిరగేసి, బెజ్జంలో పళ్ళు లెక్కపెట్టాలి. ఒక పంటికి సుద్దతో గుర్తు పెట్టుకుని లెక్క మొదలుపెట్టకపోతే మూడుసార్లకు మూడు లెక్కలొస్తాయి. కాలిపర్సుతో బెజ్జం కొలవాలి, చక్రం ఈ అంచునుంచి ఆ అంచుకు కొలవాలి. బొడ్డు ఎంత లోతుందో, బొత్తాం స్ప్రింగు పట్టుతో నిలుస్తుందో, తిప్పితే పట్టేదో, పక్కనుంచి చిన్న మరలు బిగించేదో చూడాలి. వెనకవైపు పోతపోసిన అంకెలుంటే మసి తుడిచి రాసుకోవాలి. నా వంతు అక్కడే. తాటాకు మీద నల్లబడిన అక్షరాలకు పసరు రాసి చదివేవారని మా గురువుగారు చెప్పేవారు. నేను పళ్ళపొడి రాసి చదివాను.

నట్ల సంగతి వేరే పురాణం. ఇంగ్లీషు మరలకు ఒక లెక్క, అమెరికా మరలకు మరొకటి, ఫియట్టు వంటివాటికి మిల్లీమీటర్లు. పాత మోరిస్ ఇంజన్లలో ఇంకో చోద్యముంది. మర గాళ్ళు మెట్రిక్ లెక్క, నట్టు తల మాత్రం ఇంగ్లీషు స్పానరుకు సరిపోయేది. కారణం, కోవెంట్రీలో ఆ ఇంజన్లు పోసిన కార్ఖానా పూర్వం ఫ్రెంచివాళ్ళ హాచ్‌కిస్ కంపెనీది. దాన్ని 1923లో మోరిస్ కొన్నాడు. యంత్రాలు ఫ్రెంచివి, స్పానర్లు ఇంగ్లీషువి. మణిప్రవాళమంటే కవిత్వంలోనే వుంటుందనుకునేవాళ్ళకు ఈ బోల్టు చూపించాలి.

వేట మొదలైంది. ఈ విషయంలో మా జిల్లాలకు దేవుడిచ్చిన సదుపాయం ఒకటుంది. హౌరా–మద్రాసు రైలుదారి మా మధ్యగా పోతుంది. పైకొస కలకత్తాలో మల్లిక్ బజారు, కిందికొస చెన్నైలో పుదుపేట. రెండూ పాతబండ్ల విడిభాగాలకు పేరుపడ్డ చోట్లు. చచ్చిన కార్లు అక్కడ అవయవదానం చేస్తాయన్నమాట. మావయ్య స్నేహితుడి కొడుకొకడు కలకత్తానుంచి ఒక చక్రం పట్టుకొచ్చాడు. నిగనిగలాడుతూ ఎంత బాగుందో! కాని పళ్ళదాకా పోకుండానే మేస్త్రి పెదవి విరిచాడు. అది పళ్ళెంలా లోపలికి లోతుగా వుంది, చువ్వలు రెండే. 1956లో మైనరు 1000 వచ్చినప్పుడు పెట్టిన చక్రం. ప్రమాదంలో నడిబొడ్డు డ్రైవరు రొమ్ముకు దూరంగా వుండాలని అల్లా లోతుగా చేశారు. మంచి ఆలోచనే. కాని మా బండి 1954ది. దాని చక్రానికి సన్నని ఉక్కుతీగలు గుత్తులు గుత్తులుగా చువ్వల్లా వుండేవి. గతుకుల అదురు చేతికి తగలకుండా ఆ తీగలు కొంచెం వంగుతాయి. వీణ తంతుల్లా వుంటాయని మావయ్య చిన్నప్పుడు గోటితో మీటి తాతగారిచేత తిట్లు తిన్నాడట.

రెండోది పుదుపేటనుంచి పార్సెల్లో వచ్చింది. తీగల చువ్వలు, గోధుమవన్నె అంచు, చూడగానే మావయ్య కళ్ళు చెమర్చాయి. "ఇదేరా!" అన్నాడు. మేస్త్రి తిరగేసి లెక్కపెట్టాడు. నేను లెక్కపెట్టాను. కడ్డీ మీది పళ్ళకూ దీనికీ పొత్తు కుదరలేదు. ఆనాటి ఇంగ్లండులో చక్రాలు చేసే కంపెనీలు వేరే వుండేవి. బ్లూమెల్ అనేది వాటిలో పేరుమోసింది. ఒకే రకం ముఖంతో చక్రాలు చేసి, బొడ్డు మాత్రం ఏ కారుకు ఆ కారుకు తగినట్టు మార్చి ఇచ్చేవారు. కవలపిల్లల్లో ఎవరు మన అల్లుడో పుట్టుమచ్చ చూసి పోల్చినట్టు పోల్చుకోవాలి.

"కొంచెం ఆకురాయి పట్టిస్తే ఎక్కదట్రా?" అన్నాడు మావయ్య.

"ఎక్కుతాది బాబూ. ఎక్కించిన సెయ్యి నాది కాదు" అని మేస్త్రి చక్రం గోడకానించి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నాలుగురోజులు రాలేదు. ఇన్నేళ్ళలో నేను చూసిన పండితుల్లో తన శాస్త్రం మీద అంత పట్టుదలున్నవారు తక్కువ.

అతను అలిగిన ఆ నాలుగురోజుల్లో హారను పని పట్టుకున్నాం. బండికున్నది అయిదారేళ్ళ కిందటి లారీ హారను. అది మోగితే వీధిలో పాలవాడు సైకిలు దిగేవాడు. మావయ్య అటక వెతికించాడు. పాత వకీలు కాగితాల పెట్టె కింద, గుడ్డలో చుట్టి, రెండు దొరికాయి. ఒకటి బూరా, ఒకటి గుండ్రని లూకాస్ హారను.

బూరా మా తాతగారి తండ్రినాటి గుర్రబ్బండిదో, మరి దేనిదో! ఇత్తడి మీద సొట్టలు, రబ్బరు బంతి మట్టయిపోయింది. దాన్ని శ్రీకాకుళం జిల్లా బుడితి పట్టుకెళ్ళాం. ఇత్తడి, కంచు పాత్రలకు పేరుపొందిన ఊరు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెంబుల నడుము తీర్చే చెయ్యికి బూరా నోరు తీర్చడం ఎంతసేపు? ఒక పూటలో సొట్టలు పోయాయి. లోపల నాలుకలాటి పలచని రేకు ఒకటుంటుంది, హార్మణీ పెట్టెలో రీడు లాంటిది. గాలి దాన్ని కంపింపజేస్తే గొట్టం పెద్దది చేసి పలుకుతుంది. అంతే యంత్రం. బంతి కొత్తది దొరికింది. ఇప్పుడది మావయ్య మనవడు సెలవులకొచ్చినప్పుడు వాడి ఆస్తి. ఇరుగుపొరుగు క్షమించాలి.

బూరాకూ కరెంటు హారనుకూ మధ్య క్లాక్సన్ అని ఒకటుండేది. మూకీ సినిమాలనాటి కార్లు 'ఆ–ఊ–గా' అని అరిచేవే అది. పంటిచక్రమొకటి గిర్రున తిరిగి, రేకు మధ్యనున్న చీలను గీరుతుంది. దాన్ని మిల్లర్ రీస్ హచిసన్ అనే అమెరికను ఇంజనీరు కనిపెట్టాడు. వినికిడి తక్కువవాళ్ళకోసం కరెంటుతో పనిచేసే యంత్రం కనిపెట్టినవాడూ ఆయనే. చెవులు బాగుచేసే చెయ్యీ, చెవులు చిల్లులు పొడిచే చెయ్యీ ఒకే మనిషివి కావడం సృష్టిలో వింత.

లూకాస్ హారను సంగతి ఇల్లా కాదు. లోపల విద్యుదయస్కాంతం పలచని ఉక్కు రేకును లాగుతుంది. లాగగానే కరెంటు దారి తెగుతుంది. రేకు వెనక్కి కొట్టుకుంటుంది, దారి మళ్ళీ కలుస్తుంది. ఇది సెకనుకు కొన్ని వందలసార్లు జరిగితే మనకు ఒక స్వరంగా వినిపిస్తుంది. ఆ కంపెనీవాళ్ళు తమ సరుకు మీద తయారైన నెలా, సంవత్సరమూ అంకెలతో గుద్దేవారు. పాతకార్లవాళ్ళకు ఇది జాతకచక్రంతో సమానం. హారను అంచు మీద మసి తుడిస్తే '3 54' అని కనిపించింది. 1954 మార్చి! మావయ్య నా వీపుమీద ఒక్క చరుపు చరిచాడు. అది ఈ బండితో పుట్టిందే.

పుట్టిందేగాని మూగది. మేస్త్రి కొడుకు వచ్చాడు తండ్రికి బదులు. ఇక్కడ నాకు నచ్చిన చిన్న యుక్తి ఒకటి చెబుతాను. ఇంగ్లీషు బండ్లలో చాలావాటికి కరెంటు ముందే హారను దాకా వచ్చి గుమ్మంలో నిలబడి వుంటుంది. చక్రం మీది బొత్తాం పని దానికి బాడీలోకి, అంటే ఎర్తులోకి, దారి ఇవ్వడమే. కనక హారను పలకనప్పుడు ముందు చక్రం విప్పకూడదు. హారను రెండో కొసనుంచి చిన్న తీగ తీసి బాడీ ఇనుముకు తాకించాలి. పలికిందా, హారను నిక్షేపంగా వుందన్నమాట, తప్పు బొత్తాంలోనో దారిలోనో వుంది. పలకలేదా, హారను విప్పాలి. మాది పలకలేదు. విప్పి, లోపలి పాయింట్లకు పట్టిన నల్లని పొర సన్నగరుకు కాయితంతో తీసి, వెనకనున్న చిన్న మరను పావు తిప్పు, పావు తిప్పు చొప్పున సవరించాడు. ఒకేసారి ఎక్కువ తిప్పితే పాయింట్లు కాలిపోతాయట. మొదట గొంతులో కఫం అడ్డుపడ్డట్టు గురగురమంది. తర్వాత దగ్గింది. మూడోసారి పలికింది.

ఎదురింట్లో సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పి రిటైరయిన పెద్దాయన వున్నారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా మొదలైన కళాశాల అది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు పనిచేసిన చోటు. ఆ పెద్దాయన అరుగు మీదికొచ్చి, "కొంచెం శ్రుతి తగ్గింది, ఇంకో పావు తిప్పండి" అన్నారు. ఎగతాళి అనుకున్నాడు కుర్రాడు. తిప్పాడు. గొంతు విప్పారింది.

అత్తయ్య లోపల్నుంచి గోడ పట్టుకుని వచ్చింది. "మావగారొచ్చారనుకున్నాను" అంది. కొత్తకోడలిగా వున్నప్పుడు కోర్టునుంచి బండి కోట మలుపు తిరుగుతూ ఆ హారను కొడితే ఈవిడ పొయ్యిమీద కాఫీ నీళ్ళు పెట్టేదట. ఇల్లు చేరేసరికి కాఫీ తయారు. హారను మార్చాక చాలాకాలం మావగారికి వేళకు కాఫీ అందక చిరాకుపడేవారట. ఎవరికీ కారణం తోచలేదట!

అయిదోనాడు మేస్త్రి వచ్చాడు. అలక ప్రస్తావన ఎవరూ తేలేదు. కాఫీ తాగి, గ్లాసు కిందపెట్టి, "మీ డైవరు తాత ఇంటికాడ దసరాకి ఏదో సక్రానికి పూజ సేస్తారని మా నాన్న సెప్పీవోడు బాబూ. మరదేటో సూసుకోండి" అన్నాడు.

తాతగారి బండి ఇరవై రెండేళ్ళు నడిపిన డ్రైవరు ఆమదాలవలస దగ్గరి పల్లెవాడు. ఆయన పోయి చాలాకాలమైంది. భార్య వుంది. 2023 ఏప్రిల్లో ఒక ఆదివారం మావయ్యా నేనూ బస్సెక్కి వెళ్ళాం. పెంకుటిల్లు, నడవలో మంచం, ఆవిడకు ఎనభై దాటి వుంటాయి. చేతులు కళ్ళకు అడ్డంపెట్టుకుని చూసి, "ఎవులూ... చినబాబా! ఓలమ్మ, ఇన్నాళ్ళకి ఇలగొచ్చీసినారేటి బాబూ, కూకోండి, కూకోండి" అంది.

నేను చెప్పనక్కరలేదు, అది ఎదురుగానే వుంది. దేవుడి గూటి పక్క మేకుకు తగిలించి, పసుపూ కుంకుమా ఏళ్ళతరబడి పేరుకుని, ఉక్కుతీగల చువ్వలు గుత్తులుగా, అంచున ఒకచోట ముక్క వూడిపోయి. ఆ ముక్క వూడినప్పుడే లోపలి ఇనుము గీసుకుని డ్రైవరు అరచెయ్యి తెగిందట. అందుకే చక్రం మార్చారు. పాతది పారెయ్యమంటే ఆయన పారెయ్యలేదు, ఇంటికి తెచ్చుకున్నాడు.

"ఈ సక్రవే మాకు ఆరుగురికి కూడెట్టినాది బాబూ. ఆయన పోయినా దసరాకి దీనికే సేస్తన్నాం" అంది.

మావయ్య అడగలేకపోయాడు. వకీలు కొడుకు, జన్మలో మాటకు తడుముకోని మనిషి, టీ గ్లాసు పట్టుకుని కూచున్నాడు. నేనూ కలగజేసుకోలేదు. ఎవరి వస్తువు అది? కాగితం ప్రకారం బండితోపాటు మావయ్యది. కాని ఇరవై రెండేళ్ళు దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిది? చూపుడువేలు, బొటనవేలు ఆనేచోట్ల అంచు అరిగి నున్నగా వుంది. కుడివైపు ఉంగరం గీత కూడా వుంది. మేస్త్రి చెప్పినట్టే.

చివరకు మావయ్య, "కొలతలు తీసుకుంటానమ్మా, పట్టుకెళ్ళను" అన్నాడు. నేను దింపి తిరగేశాను. సుద్దతో గుర్తుపెట్టి పళ్ళు లెక్కపెట్టాను. సరిపోయింది. కాలిపర్సు కూడా సరిపోయింది. ఆవిడ ఇదంతా చూస్తూ కూచుని, "ఎందుకు బాబూ ఈ లెక్కలు?" అని అడిగింది. అప్పుడు మావయ్య చెప్పాడు: వెల్డింగు చుక్కలు, ఊగే చక్రం, అత్తయ్య భయం, అన్నీ. హైదరాబాదు ఆసామి సంగతి కూడా దాచలేదు.

"అమ్మీస్తారేటి?" అందావిడ.

మావయ్య తల అడ్డంగా ఆడించాడు. ఆ నిర్ణయం ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు. బస్సెక్కేటప్పటికి మాత్రం జరగలేదు.

"అలగైతే పట్టుకెళ్ళండి. ఇక్కడ మేకుకి ఏలాడితే ఏటి, బండిలో తిరిగితే ఏటి. దసరాకి మాత్రం తెచ్చియ్యాల. ఒట్టి సక్రం కాదు బాబూ, బండితోటి."

ఆ ఒక్క షరతుతో మావయ్య వింటేజి కాగితం ఆశ పోయింది. ఆ నిబంధనల కింద నమోదైన బండి ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ, పెట్రోలుకూ తిరగవచ్చు గాని మామూలు రాకపోకలకు వాడకూడదు. ఆమదాలవలసలో ఒక ముసలమ్మ ఇంటి దసరా పూజ ఏ ప్రదర్శన కింద లెక్క? అయిదేళ్ళకోసారి పొడిగించుకునే పాత రిజిస్ట్రేషనునే మళ్ళీ పొడిగించుకున్నాడు. గోడకు కాగితం లేదు.

చక్రం బాగుచెయ్యడానికి మూడువారాలు పట్టింది. పసుపు కడగనా మాననా అని మేస్త్రి అడిగితే, బొడ్డు దగ్గరిది వుంచి అంచుది మాత్రం తీయమన్నాం. ఆ కాలపు చక్రాల అంచులు గట్టిరబ్బరుతోనో, పాతరకం ప్లాస్టిక్కులతోనో పోసేవారు. ఎండకు అది కుదించుకుపోతుంది, లోపలి ఉక్కు కుదించుకోదు. అందుకే చువ్వ కలిసేచోట పగుళ్ళు పడతాయి. పగులు మీద ఊరికే లప్పం రాస్తే నెలలో వూడుతుంది. పగులును ఇంకా పెద్దది చేసి, ఉక్కు కనబడేదాకా పాయలా కోసి, ఇనుము మీద తుప్పు గీకి, రెండు ట్యూబుల అరాల్డైటు కలిపి నింపాలి. వూడిన ముక్కచోట ఎమ్‌సీలు ముద్ద. ఆరాక తడి ఎమరీ కాయితంతో రుద్ది రుద్ది పక్కదానితో కలిపెయ్యాలి. వేలు పోతూవుంటే ఎక్కడ అతుకో తెలియకూడదు. అరిగిన చోట్లు నింపబోతే మావయ్య వద్దన్నాడు. అందుచేత ఉంగరం గీత అల్లాగే వుంది.

బిగించడం పెద్దపని కాదు, తొందరపడకుండా చేస్తే. ముందు బ్యాటరీ వైరు వూడదీశారు, లేకపోతే బొత్తాం తీగ తాకినప్పుడల్లా హారను మోగి పనివాడి గుండె ఆగుతుంది. పాత చక్రం లాగేటప్పుడు నట్టును పూర్తిగా తీయకుండా రెండు మూడు గాళ్ళ మీద వుంచారు. అల్లా వుంచకపోతే బిగుసుకున్న చక్రం ఒక్కసారిగా వూడివచ్చి లాగినవాడి పళ్ళు రాలగొడుతుంది. పుల్లరుతో లాగారే గాని కడ్డీ తలమీద సుత్తి పడనివ్వలేదు మేస్త్రి. ముందుటైర్లు తిన్నగా నిలబెట్టి, చక్రం తిన్నగా పట్టుకుని, పళ్ళ మీద పెట్టి కిందికి నొక్కాడు. కదలికా లేదు, చప్పుడూ లేదు, కూచుంది. కుంకుడుకాయంత నవ్వు నవ్వాడు. అది అతని పెద్దనవ్వు.

2023 దసరాకు వెళ్ళాం. కొద్దిరోజుల్లో విజయనగరంలో సిరిమాను సంబరం, ఊరంతా జనం. మావయ్యే నడిపాడు. రణస్థలం దగ్గర హైవే మీద లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే అత్తయ్య వెనకసీట్లో కళ్ళు మూసుకుని ఏదో జపించుకుంది. ముసలమ్మ మనవడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఆవిడ లోపలికి వంగి చక్రానికి మూడుచోట్ల పసుపూ కుంకుమా పెట్టి, వేళ్ళు వెతుక్కుంటూ కుడివైపు అరిగిన చోటు తడిమి, అక్కడ ఇంకో బొట్టు పెట్టింది.

"ఒకపాలి కొట్టు బాబూ" అంది.

మావయ్య బొత్తాం నొక్కాడు. పలకలేదు. మళ్ళీ నొక్కాడు. పిల్లలు నవ్వారు. ఆయన కంగారుపడకుండా బొత్తాం వూడదీసి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, ఇత్తడి రేకు మీద పట్టిన తడి కుంకుమ గీకేసి, మళ్ళీ బిగించి నొక్కాడు. వీధి చివర కుక్క లేచి నిలబడింది. అత్తయ్య, "కాఫీ" అంది.